స్వారీ దుస్తులు, బూట్ల వల్ల చర్మం కమిలినా, దద్దు లేచినా ముందుగా ఏం చూడాలి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. స్వారీ నేర్చుకోవడం మొదలుపెట్టి కొన్ని నెలలైంది. ఈ మధ్యే, జీను మీద జారకుండా సీటు భాగమంతా సిలికాన్ పట్టు ఉన్న కొత్త బ్రీచెస్ (స్వారీకి వేసుకునే బిగుతు ప్యాంటు), మోకాలి కింది దాకా వచ్చే కొత్త తోలు బూట్లు కొన్నారు. అప్పటి నుంచి మోకాళ్ళ లోపలి వైపు చర్మం కమిలి మండుతోంది. పిక్కల మీద మాత్రం స్వారీ చేసిన రోజున ఏమీ ఉండదు, రెండో రోజుకో మూడో రోజుకో దురదతో ఎర్రటి దద్దు లేస్తోంది, అది బూటు పై అంచు దగ్గర ఆగిపోతోంది. ఇంట్లో ఉన్న తామర మందు పూసినా గుణం కనిపించలేదు. బట్ట పడటం లేదా, తోలు పడటం లేదా, అసలు స్వారీయే మానుకోవాలా అని అడిగారు.

మానుకోవలసిన అవసరం కనిపించడం లేదు. అయితే మీ కాళ్ళ మీద ఉన్నది ఒక సమస్య కాదని, రెండని నా అభిప్రాయం. ఒకే మందుతో రెండూ తగ్గాలని చూడటం వల్లే ఏదీ తగ్గలేదు. నేను చర్మవైద్యుడిని కాను. చాలా ఏళ్ళుగా స్వారీ నేర్పుతూ, కొత్తగా చేరినవారి కాళ్ళను, బూట్లను, జీనును కలిపి చూస్తూ వచ్చినవాడిని. మందు కొనే ముందు, సామాను మార్చే ముందు, మచ్చ ఎక్కడ వచ్చింది, ఏ ఆకారంలో ఉంది, స్వారీ తర్వాత ఎంతసేపటికి కనిపించింది అన్న మూడు సంగతులు నిదానంగా గమనిస్తే కారణం చాలావరకు పట్టుబడుతుంది.

సమయంతోనే మొదలుపెడదాం. ఒరిపిడి వల్ల వచ్చే మంట గుర్రం మీద ఉండగానే తెలుస్తుంది, దిగాక స్నానం చేసేటప్పుడు నీళ్ళు తగలగానే చురుక్కుమంటుంది, అక్కడ దురద కన్నా నొప్పే ఎక్కువ. తోలులోనో, రబ్బరులోనో, రంగులోనో ఉన్న రసాయనం పడక వచ్చే అలర్జీ దద్దు అలా కాదు. శరీరం ఆ పదార్థాన్ని గుర్తుపట్టి స్పందించడానికి సాధారణంగా 24 నుంచి 72 గంటలు పడుతుంది, అందుకే శనివారం వేసుకున్న బూటు సోమవారం దురద పెడుతుంది, మనిషి ఆదివారం తిన్నదాన్నో తొడుక్కున్నదాన్నో అనుమానిస్తాడు. ఇక కొన్ని నిమిషాల్లోనే ఉబ్బెత్తుగా దద్దుర్లు లేచి, కొన్ని గంటల్లో మచ్చ కూడా లేకుండా పోతే, అది బట్టకు అంటుకున్న గుర్రపు వెంట్రుకల, చుండ్రు పొట్టు ప్రభావం కావచ్చు. దానికి తోడు తుమ్ములు, కళ్ళ దురద కూడా ఉంటే ఆ అనుమానం బలపడుతుంది. మీ మోకాళ్ళ సంగతి మొదటి రకంలా, పిక్కల సంగతి రెండో రకంలా ఉన్నాయి.

మోకాళ్ళ గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే స్వారీలో చర్మం పాడయ్యే సందర్భాలలో నేను ఎక్కువగా చూసింది ఇదే. పొడి చర్మం కన్నా తడిసిన చర్మం బట్టను ఎక్కువగా పట్టుకుంటుంది, అంటే చెమట పట్టిన కొద్దీ రాపిడి పెరుగుతుంది. ఆ చెమట ఆరినప్పుడు మిగిలే ఉప్పు గరుకుగా ఉండి మళ్ళీ రాస్తుంది. దీని మీద సిలికాన్ సీటు ప్రభావం చాలామంది ఊహించనిది. ఆ సిలికాన్, బట్టను జీనుకు అతికించినట్టు నిలబెడుతుంది. బ్రీచెస్ మీ కొలతకు సరిగ్గా సరిపోతే కాలు, బట్ట ఒకటిగా ఉంటాయి, ఇబ్బంది లేదు. ఒక సైజు వదులైతే మాత్రం బట్ట జీనుతో ఆగిపోతుంది, కాలు బట్ట లోపల కదులుతుంది. ట్రాట్‌లో (గుర్రం ఎగిరెగిరి వేసే వేగపు నడకలో) లేచి కూర్చునే ప్రతిసారీ మోకాలి లోపలి చర్మం ఆ బట్ట మీద రాసుకుంటుంది. సౌకర్యంగా ఉంటుందని వదులైనవి కొనడం ఇక్కడ ఎదురు తిరుగుతుంది.

పరీక్షించడం తేలిక. బ్రీచెస్ తొడుక్కుని, కుర్చీ అంచున స్వారీ భంగిమలో మోకాళ్ళు వంచి కూర్చోండి. మోకాలి లోపలి వైపు బట్టను రెండు వేళ్ళతో పట్టి లాగండి. చర్మాన్ని వదిలి మడత పైకి వచ్చిందంటే అది వదులు. తర్వాత విప్పి, లోపలి భాగం పైకి తిప్పి, బొటనవేలిని కుట్టు వెంట మెల్లగా నడపండి. దారం ముడి, కత్తిరించకుండా వదిలిన కొస, గట్టి అతుకు, సిలికాన్ ముద్రించిన చోట వెనుక వైపు గరుకు, వీటిలో ఏది వేలికి తగిలినా అదే చోటు మీ కాలి మీద ఎర్రటి గీతగా ఉందేమో పోల్చి చూడండి. మంచి బ్రీచెస్‌లో కాలి లోపలి వైపు కుట్టు మోకాలి దగ్గర ఉండదు, పక్కకు జరిపి కుడతారు. జీన్స్ వేసుకుని నేర్చుకునేవారికి తొడల లోపల, మోకాళ్ళ దగ్గర పుండ్లు పడటానికి ఆ లావు కుట్టే కారణం.

హాఫ్ చాప్స్ (పొట్టి బూట్ల పైన పిక్కలకు చుట్టుకునే తొడుగులు) వాడేవారు ఇంకొకటి చూడాలి. వాటి వెల్క్రో పట్టీ సరిగ్గా మూసుకోకపోతే కొక్కేల వైపు అంచు బయటికి వచ్చి, బ్రీచెస్ బట్టను గీకి నూలు లేపుతుంది. బయటికి చిన్న బొచ్చులా కనిపించే ఆ చోటు కొన్నాళ్ళకు లోపల కూడా గరుకు తేలుతుంది. ఉతికేటప్పుడు వెల్క్రో తెరిచి ఉంచి మిగతా బట్టలతో కలిపి వేసినా ఇదే జరుగుతుంది.

బట్టనే తప్పుపట్టి ఊరుకోకూడదు, కూర్చునే తీరు కూడా చూడాలి. రెండు మోకాళ్ళ లోపలా ఒకే విధంగా కమిలిందంటే, పడిపోతామన్న భయంతో మోకాళ్ళతో జీనును బిగించి పట్టుకుంటూ ఉండవచ్చు. కొత్తవారిలో ఇది సహజం. బరువు తొడల మీదుగా మడమలోకి దిగడం నేర్చుకున్న కొద్దీ ఆ మంట దానంతట అదే తగ్గుతుంది, ఏ క్రీమూ ఆ పని చేయలేదు. ఒక కాలికే వస్తే రికాబులు (పాదాలు పెట్టే కడియాలు) వేలాడే తోళ్ళ పొడవు సమానంగా ఉందో లేదో కొలవాలి. వాడగా వాడగా ఎడమ వైపు తోలు సాగుతుంది, ఎందుకంటే ఎక్కువమంది ఆ వైపు నుంచే ఎక్కుతారు. అప్పుడప్పుడు రెండింటినీ మార్చి తగిలించడం మంచి అలవాటు. పిరుదుల ఎముకల దగ్గర కాకుండా ముందు భాగంలో ఒరుసుకుంటోందంటే నడుము ముందుకు వంచి కూర్చుంటున్నారు, లేదా జీను సీటు మీకు చిన్నది, లేదా జీనే ముందుకు వాలి ఉంది. ఇది చెప్పుకోవడానికి సిగ్గుపడి చాలామంది నెలల తరబడి ఓర్చుకుంటారు. శిక్షకుడికి చెబితే జీను మార్చి చూడటం ఎంతోసేపు పట్టని పని.

లోదుస్తుల విషయం కూడా నిస్సంకోచంగా చెప్పాలి. అంచు కుట్టు సరిగ్గా కూర్చునే చోటికి వచ్చే రకాన్ని స్వారీకి వాడకండి. తొడ సగం దాకా వచ్చే, కుట్లు లేని, చెమటను బయటికి లాగే రకం మేలు. నూలు చర్మానికి మంచిదన్న మాట మామూలు రోజుకు నిజమే కానీ, స్వారీలో అది చెమటను పీల్చుకుని ఆరకుండా తడిగానే ఉండిపోతుంది.

ఇప్పటికే కమిలిన చర్మానికి పెద్ద వైద్యం అక్కర్లేదు. గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, సబ్బు పెట్టకుండా, రుద్దకుండా తువ్వాలు అద్ది ఆరనివ్వండి. పైపొర ఊడకపోతే పెట్రోలియం జెల్లీ గానీ, జింక్ ఆక్సైడ్ ఉన్న లేపనం గానీ పల్చగా రాయండి. పొర ఊడి రసి కారుతుంటే హైడ్రోకొలాయిడ్ పట్టీ (రసిని పీల్చుకుని పుండును కప్పి ఉంచే అతుకు పట్టీ) అంటించి, అది దానంతట అదే వదిలేదాకా ఉంచండి. బొబ్బ లేచి ఉంటే చిదమకండి. ఆ చర్మమే లోపలి దానికి కప్పు. పూర్తిగా మానేవరకు జీను ఎక్కకపోవడమే మంచిది, సగం మానిన చోట మళ్ళీ రాసుకుంటే రెండోసారి పుండు లోతుగా పడుతుంది. మానిన తర్వాత స్వారీకి ముందు డైమెథికోన్ ఉన్న ఒరిపిడి నిరోధక బామ్ మోకాలి లోపల రాసుకోవచ్చు. పెట్రోలియం జెల్లీ కూడా పనిచేస్తుంది కానీ బట్టకు మరక పడుతుంది, ఎలాస్టిక్‌లోని రబ్బరును మెత్తబరుస్తుంది. పౌడరు మీద నాకు నమ్మకం లేదు. మొదటి పది నిమిషాలు హాయిగా ఉంటుంది, చెమటతో కలిశాక ముద్దలై అదే గరుకవుతుంది. స్వారీకి ముందు రోజు కాళ్ళు షేవ్ చేయడం కూడా మానండి. తెగిన రోమాల కుదుళ్ళ మీద బిగువు బట్ట, చెమట కలిస్తే చీము పొక్కులు తేలికగా లేస్తాయి.

ఇక పిక్కలు. ఇక్కడ నా మొదటి అనుమానం బూటు మీద. తోలును మెత్తగా, మన్నికగా చేయడానికి ఎక్కువగా క్రోమియం లవణాలతో పదును చేస్తారు. చెమట ఆ తోలు నుంచి క్రోమియంను కరిగించి చర్మానికి చేరుస్తుంది, అది పడని మనిషికి బూటు ఎంతవరకు తాకుతుందో అంతవరకు దద్దు వస్తుంది. హెక్సావాలెంట్ రకం క్రోమియం మరింత తీవ్రమైనది. చర్మానికి తగిలే తోలు వస్తువుల్లో అది కిలోకు 3 మిల్లీగ్రాములకు చేరితే అమ్మకూడదని ఐరోపా సమాఖ్య 2015 మే నుంచి నిబంధన పెట్టింది. క్రోమియం పడనివారికి చెట్ల బెరడు రసాలతో పదును చేసిన తోలు గానీ, తోలు లేని బూట్లు గానీ దారి.

అయితే బూటు అంటే తోలు ఒక్కటే కాదు. పొరలను అతికే జిగురులో ఉండే ఫార్మాల్డిహైడ్ రెసిన్, పిక్క వెనుక జిప్పు పక్కన సాగే ఎలాస్టిక్ పట్టీ, కొన్నింటిలో లోపల నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు పొర, ఇవన్నీ అనుమానించదగినవే. రబ్బరును గట్టిపరచడానికి కలిపే థయురమ్‌లు, నియోప్రీన్ తయారీలో వాడే థయోయూరియాలు చర్మవైద్యులకు బాగా తెలిసిన అలర్జీ కారకాలు. అందుకే దద్దు ఆకారం చూడమన్నాను. పిక్క చుట్టూ సమంగా ఉంటే తోలు లేదా లోపలి పొర, నిలువుగా ఒక పట్టీలా ఉంటే ఎలాస్టిక్, బొడ్డు కింద రూపాయి బిళ్ళంత ఉంటే నడుము గుండీలోని నికెల్. తొడల లోపల, మోకాలి వెనుక గుంటలో, బట్ట బిగుతుగా ఉండి చెమట పట్టే చోట్లన్నిటా పరుచుకుని ఉంటే ముదురు రంగు సింథటిక్ బట్టల్లో వాడే డిస్పర్స్ రంగులను అనుమానించాలి. వాటిలో డిస్పర్స్ బ్లూ 106, 124 అన్నవి ఎక్కువగా పేరు పడ్డవి. మీ బ్రీచెస్ ముదురు నీలమో నలుపో అయినా, దద్దు బూటు పై అంచు దగ్గర ఆగిపోతోందని మీరే రాశారు కనుక బట్టను ఇప్పటికి పక్కన పెడదాం.

అలర్జీ అని తేల్చేముందు ఒక ప్రశ్న వేసుకోండి. బూటు లోపల ఏమైనా పూశారా? తోలు మెత్తబడాలని లోపలి వైపు నూనె పట్టించడం, జీను సబ్బుతో తుడిచి తడి గుడ్డతో మళ్ళీ తుడవకపోవడం, గుర్రానికి ఈగల మందు కొట్టేటప్పుడు తుంపర బూట్ల మీద పడటం, ఇవన్నీ చర్మాన్ని రేపుతాయి. ఈగల మందుల్లో ఉండే పెర్మెత్రిన్ లాంటివి పడిన చోట చీమలు పాకినట్టు జివ్వుమనే మంట కూడా పుట్టిస్తాయి. అది అలర్జీ కాదు, కడిగి దూరంగా ఉంటే ఒక రోజులో పోతుంది.

తామర మందు పనిచేయకపోవడం వింత కాదు. గుర్రాలకు ట్రైకోఫైటాన్ ఈక్వినమ్ అనే శిలీంధ్రం వల్ల తామర వస్తుంది, అది బ్రష్షుల ద్వారా, పంచుకున్న జీను సామాను ద్వారా మనుషులకూ అంటుతుంది. అరువు తెచ్చుకున్న హెల్మెట్, చాప్స్ వాడేవారు దాన్ని మరిచిపోకూడదు. కానీ అది సాధారణంగా ఒక చోట మొదలై, అంచు పొట్టు రేగుతూ, మధ్యలో తేటపడుతూ గుండ్రంగా పెరుగుతుంది. రెండు పిక్కల మీద ఒకే ఎత్తులో, గీత గీసినట్టు ఆగిపోయే దద్దు తామర లక్షణం కాదు. ఇక్కడ ఒక గట్టి హెచ్చరిక. ఏదో ఒకటి పనిచేస్తుందని స్టెరాయిడ్, తామర మందు, యాంటీబయాటిక్ కలిపిన క్రీములు రాయకండి. ఉన్నది తామరే అయితే స్టెరాయిడ్ దాని ఎరుపును అణచి, అంచును చెరిపేసి, లోపల పెరగనిస్తుంది. ఆ తర్వాత వైద్యుడికి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది. నియోమైసిన్, బెంజోకెయిన్ ఉన్న లేపనాలు కూడా వద్దు, అవే కొత్త అలర్జీ తెచ్చిపెట్టగలవు.

మీ విషయంలో రాబోయే రెండు మూడు వారాలు ఇలా గడపమంటాను. ముందు దద్దు పూర్తిగా తగ్గేదాకా ఆ బూట్లు ముట్టుకోకండి, రోజూ సువాసన లేని మాయిశ్చరైజర్ రాయండి, దురద ఎక్కువైతే చల్లటి తడి గుడ్డ వేయండి. ఒక్క శాతం హైడ్రోకార్టిసోన్ క్రీము పగలని చర్మం మీద కొద్ది రోజులు వాడవచ్చు, వారం దాటితే వైద్యుడిని అడగాలి. తర్వాత పాత పొట్టి బూట్లతో, కొత్త బ్రీచెస్‌తో ఒకసారి స్వారీ చేసి మూడు రోజులు ఆగండి. పిక్కలు బాగుంటే, బూటు కన్నా రెండు వేళ్ళు ఎత్తుగా వచ్చే మందపాటి మేజోళ్ళు వేసుకుని కొత్త బూట్లను ఇంట్లో అరగంట తొడిగి, మళ్ళీ మూడు రోజులు చూడండి. ఒకసారికి ఒకటే మార్చాలి. బ్రీచెస్, సబ్బు, మేజోళ్ళు, బూట్లు అన్నీ ఒకే రోజు మార్చినవారికి దద్దు తగ్గినా ఎందుకు తగ్గిందో తెలియదు, మళ్ళీ వచ్చినా ఎందుకు వచ్చిందో తెలియదు. ప్రతిసారీ ఫోటో తీసి తేదీతో ఉంచుకోండి.

ఆ లోపల ఉతికే పద్ధతి కూడా సరిచూడండి. కొత్త బ్రీచెస్‌ను ఉతక్కుండా తొడగకూడదు. మిగిలిన రంగు, ముడత పడకుండా పట్టించిన పూతలో కొంత మొదటి ఉతుకులోనే పోతుంది. సువాసన లేని ద్రవ సబ్బును తక్కువగా వేసి, నీళ్ళలో రెండుసార్లు జాడించండి. ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ వద్దు, అది బట్ట నూలు మీద పొరలా కూర్చుని చెమటను బయటికి పోనివ్వదు, సిలికాన్ పట్టునూ పాడుచేస్తుంది. చెమటతో తడిసిన బ్రీచెస్‌ను సంచిలో కుక్కి వారం తర్వాత అలాగే తొడుక్కునేవారికి నేను సలహా చెప్పడం మానేశాను.

కొత్త బూట్ల వల్ల మోకాలి వెనుక గుంటలో, చీలమండ దగ్గర ఒరుసుకోవడం మాత్రం వేరు సంగతి. పొడవాటి తోలు బూటు వాడే కొద్దీ చీలమండ దగ్గర ముడతలు పడి కొంత కిందికి దిగుతుంది, అందుకే కొత్తలో కాస్త ఎత్తుగా ఉన్నదే కొంటారు. ఆ ముడతలు పడేదాకా మడమ కింద పల్చటి మెత్త పెట్టి, ఇంట్లో కొద్దిసేపు నడుస్తూ అలవాటు చేసుకుంటే మోకాలి వెనుక కోత తప్పుతుంది.

మీరు అడగకపోయినా, చలిలో స్వారీ చేసేవారి కోసం ఒకటి కలుపుతాను. తొడల బయటి వైపు, గుర్రానికి తగలని చోట, ఊదా ఎరుపు రంగులో దురద, నొప్పి కలిగించే గడ్డలు వస్తే దాన్ని బట్ట అలర్జీ అనుకుని చాలామంది సబ్బులు మారుస్తారు. చలిగాలిలో గంటల తరబడి బిగుతు ప్యాంటుతో స్వారీ చేసే యువతుల్లో చర్మం కింది కొవ్వు వాచే ఈ స్థితిని వైద్యులు 1980లో ఒక వ్యాసంలో వివరించారు. బిగుతు వల్ల రక్తం సరిగా ఆడదు, చలి మిగతా పని చేస్తుంది. వదులు పైపొర, లోపల వెచ్చటి పొర, స్వారీ మధ్యలో విరామం, ఇవే దానికి మందు. వేడిలో దీనికి భిన్నంగా, బాడీ ప్రొటెక్టర్ (పడినా దెబ్బ తగలకుండా ఛాతీకి, వీపుకు తొడిగే కవచం) కింద చెమటకాయలు, హెల్మెట్ గడ్డం పట్టీ కింద మొటిమల్లాంటి పొక్కులు వస్తాయి. పట్టీని, లోపలి మెత్తను తరచుగా ఉతికితే చాలావరకు పోతాయి. పట్టీని వదులు చేయడం మాత్రం పరిష్కారం కాదు, హెల్మెట్ ఉన్నా లేనట్టే అవుతుంది.

పై పద్ధతి పాటించినా బూటు తొడిగిన ప్రతిసారీ దద్దు తిరిగి వస్తుంటే చర్మవైద్యుడి దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించుకోండి. అనుమానిత పదార్థాలను వీపు పైభాగంలో అంటించి, 48 గంటలు ఉంచి, తీసినప్పుడు ఒకసారి, మరో ఒకటి రెండు రోజుల తర్వాత ఇంకోసారి చూస్తారు. ఆ రోజుల్లో వీపు తడవకూడదు, స్వారీ చేసి చెమట పట్టించుకోకూడదు, కాబట్టి పోటీలు లేని వారం ఎంచుకోండి. ఎరుపు రోజురోజుకూ పాకుతుంటే, ముట్టుకుంటే వేడిగా ఉంటే, చీము పడితే, ఎర్రటి గీత పైకి ఎక్కుతుంటే, జ్వరం వస్తే ఏ పరీక్ష కోసమూ ఆగకుండా అదే రోజు వైద్యుడిని కలవాలి. మధుమేహం ఉన్నవారు కాలి మీద చిన్న పుండును కూడా ఇలా ఇంట్లో ప్రయోగాలతో చూసుకోకూడదు. వైద్యుడి దగ్గరికి వెళ్ళేటప్పుడు ఒట్టి చేతులతో కాకుండా ఆ బూటు, మేజోళ్ళు, బ్రీచెస్, ఇంతవరకు పూసిన క్రీముల గొట్టాలు, తోలుకు వాడే నూనె సీసా, తేదీలతో తీసిన ఫోటోలు తీసుకెళ్ళండి. బూటు లోపలి పొర నుంచి చిన్న ముక్క కత్తిరించి దాన్నే పరీక్షకు పెట్టగలరేమో అడగండి, చాలామంది వైద్యులు పెడతారు.